నిమిషానికి ఏడు చుక్కలు

బస్సు కదిలి పావుగంట కాకముందే నేను లెక్కల్లో పడ్డాను. రెండు లీటర్ల సీసా. నాలుగు రోజులంటే తొంభై ఆరు గంటలు. మిల్లీలీటరుకి ఇరవై చుక్కలు. ఎటు నుంచి భాగించినా నిమిషానికి ఏడు చుక్కలే వస్తున్నాయి. ఇంట్లో కాగితం మీద వేసినప్పుడూ ఏడే, ముందురోజు డ్యూటీలో మందుల చీటీ వెనక వేసినప్పుడూ ఏడే. అయినా ఇంకోసారి చూసుకుంటే పోయేదేముందని మళ్ళీ మొదలుపెట్టాను.

పెదాలు కదులుతున్నాయన్నారు మా ఆయన. ఏమీ లేదన్నాను. ఏమీ లేకపోతే వేళ్ళ మీద ఎవరిని లెక్కపెడుతున్నావని అడిగారు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆ మనిషితో వాదన పెట్టుకుంటే గెలవలేం, ఎందుకంటే ఆయన వాదించరు, నవ్వి ఊరుకుంటారు. ముప్పై నాలుగేళ్ళు దూరపు బస్సులు నడిపిన డ్రైవరు. ఆ సముద్రం ఊరికి ఎన్ని వందలసార్లు వెళ్ళారో ఆయనకే తెలియదు. వెళ్ళడం, స్టాండులో ఓ గంట కునుకు తీయడం, బస్సు తిప్పుకుని వచ్చేయడం. నీళ్ళలో ఒక్కసారి కాలు పెట్టింది లేదు. ఈ ఏడాది మిగిలిన సెలవులు వాడుకోకపోతే పోతాయని డిపోలో చెప్పారట. నాలుగు రోజులు, మనిద్దరమే, అన్నారు. అంటు తేరుకున్నాక వెళ్దామన్నాను. అది తేరుకున్నాక నీకు ఇంకోటి వస్తుంది అన్నారు. నిజమే కాబట్టి నాకు ఒళ్ళు మండింది.

అంటు సంగతి చెప్పాలి. నేను ప్రసూతి వార్డులో నర్సుని, ముప్పై ఒక్క ఏళ్ళుగా. నా వెనకాల వార్డులో కుర్ర నర్సులు నన్ను గడియారం అంటారు, నాకు తెలియదనుకుంటారు. మా వార్డు వెనక చిన్న పెరడు, పెరట్లో ఒకే ఒక్క నిమ్మచెట్టు ఉండేవి. నొప్పులు మొదలై ఇంకా సమయం పట్టే ఆడవాళ్ళను నేను చెయ్యి పట్టుకుని ఆ చెట్టు చుట్టూ నడిపించేదాన్ని. చుట్టు చుట్టుకీ పైకి లెక్కపెట్టేదాన్ని. ఒకటి, రెండు, మూడు. లెక్క పెడితే వాళ్ళకి నొప్పి మీద కోపం పోయి నా మీదికి వస్తుంది, అది నడకకి మంచిది. మా తోడికోడల్ని కూడా పదిహేడేళ్ళ కిందట అలాగే తిప్పాను. ఎన్ని చుట్లో ఇప్పుడు గుర్తులేదు గానీ, ఆ రోజు నన్ను తిట్టని తిట్టు తిట్టింది. మధ్యాహ్నం అన్నం డబ్బా ఆ చెట్టు కిందే విప్పేదాన్ని. నా ఉద్యోగంలో ఏడవాల్సి వచ్చిన మూడు నాలుగు సందర్భాల్లోనూ అక్కడే ఏడ్చాను.

కార్లు పెట్టుకోవడానికి చోటు చాలడం లేదని చెట్టు కొట్టేస్తామన్నారు. ఎవరెవరినో అడిగాను, ఎవరూ పట్టించుకోలేదు. సరే, మీ దారి మీది అనుకుని మూడు కొమ్మలకు అంటు కట్టాను. వేలెడు వెడల్పున బెరడు తీసేయడం, తడిమట్టి ముద్ద పెట్టడం, మీద గాజుగుడ్డ, దాని మీద ప్లాస్టిక్ కాగితం. కట్టు కట్టడం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు కదా. రెండు ఎండిపోయాయి. మూడోదానికి రెండు నెలలకి వేళ్ళు వచ్చాయి. దాన్ని కోసి ఇంటికి తెచ్చుకున్న వారానికి రంపం వచ్చింది. ఇప్పుడా పెరట్లో సిమెంటు మీద తెల్ల గీతలున్నాయి. ఆ చెట్టు అన్నది ఎక్కడైనా మిగిలి ఉంటే మా బాల్కనీ మూల కుండీలోనే, పదకొండు ఆకులతో. కుండీలో పెట్టి పందొమ్మిది రోజులైంది. లేతవేళ్ళు, పడమటి ఎండ. రెండు పూటలు నీళ్ళు లేకపోతే వడలిపోతుంది, మూడో రోజు దాటితే ఇక దాన్ని ఎవరూ లేపలేరు.

మిగతా తొమ్మిది కుండీల గురించి నాకు దిగుల్లేదు. అవి మొండివి. మధ్యలో బకెట్టు నిండా నీళ్ళు పెట్టి, గాజుగుడ్డ వత్తులు చేసి ఒక్కో కుండీలోకి ఒక్కోటి పాకించాను. నిమ్మకి మాత్రం వత్తి మీద నమ్మకం చాల్లేదు. గడువు దాటిందని స్టోరు గుమాస్తా పారేయబోతున్న సెలైన్ గొట్టాలు అడిగి తెచ్చాను. బట్టల తీగ కొక్కేనికి రెండు లీటర్ల సీసా తలకిందులుగా కట్టి, గాలి ఆడటానికి పైన సూది కన్నం పెట్టి, గొట్టం చివర మొక్క మొదట్లో దించాను. గొట్టానికి చిన్న చక్రం ఉంటుంది, బొటనవేలితో కిందికి తిప్పితే ధార తగ్గుతుంది, పూర్తిగా తిప్పితే ఆగిపోతుంది. వాచీ పెట్టుకుని చూసుకున్నాను. నిమిషానికి ఏడు. నా జీవితంలో ఏ పేషెంటుకీ అంత శ్రద్ధగా పెట్టలేదంటే పాపం తగులుతుందేమో గానీ, దాదాపు అంతే.

ఇంత తతంగం ఎందుకు, కింది అంతస్తులో సొంత తోడికోడలు ఉండగా ఓ తాళం చెవి ఇచ్చి వెళ్ళొచ్చు కదా అని మీరు అడగొచ్చు. అడక్కండి. మాకు ఎనిమిది నెలలుగా మాటల్లేవు.

మేం మూడో అంతస్తు, మరిది వాళ్ళు సరిగ్గా మా కింద రెండో అంతస్తు. తను బట్టలు కుడుతుంది. తెరలు, దిండు గలీబులు, హోటళ్ళ బల్లగుడ్డలు. బాల్కనీలో వెలుతురు బాగుంటుందని కత్తిరించే బల్ల అక్కడే వేసుకుంటుంది. ఒకరోజు నేను కుండీలకు నీళ్ళు పోస్తే మట్టినీళ్ళు కారి, హోటలు వాళ్ళ తెల్ల బల్లగుడ్డలు తొమ్మిది పాడయ్యాయి. మర్నాడు ఇవ్వాల్సినవి. పైకి వచ్చి అడిగింది. నేను అప్పుడే నైట్ డ్యూటీ నుంచి వచ్చి ఉన్నాను. తప్పయిపోయిందంటే సరిపోయేది. బాల్కనీలో దుకాణం పెట్టుకోమని నీకెవరు చెప్పారన్నాను. మొక్కలు పెంచడం చేతకానివాళ్ళు ప్లాస్టిక్ పూలు పెట్టుకోవాలంది. తర్వాత ఇద్దరం ఏమేం అనుకున్నామో వద్దులెండి. సాయంత్రానికల్లా తన దగ్గర ఉండే మా ఇంటి తాళం చెవి కవర్లో పెట్టి మరిది చేత పంపించింది. కవరు అంటించి మరీ పంపింది. నాకు అది ఇంకా మండుతుంది.

ఆ మర్నాడే నేను ప్రతి కుండీ కిందా పళ్ళెం పెట్టాను. అప్పటి నుంచి మా బాల్కనీ నుంచి ఒక్క చుక్క కింద పడితే ఒట్టు. నిమ్మకి మాత్రం పళ్ళెం పెట్టలేదు. నీళ్ళు నిలిస్తే లేతవేళ్ళు కుళ్ళుతాయి. రెండిటుకల మీద పెట్టి వదిలేశాను. రోజూ కొలిచి పోస్తాను కాబట్టి బయటికి రాలేదు. ఈ నాలుగు రోజులు మాత్రం రాత్రీ పగలూ చుక్కలు పడుతూ ఉంటే కుండీ అడుగు నుంచి కారి సరిగ్గా తన బల్ల మీదే పడతాయి. నాకు ఆ విషయం తెలుసు. తెలిసే పెట్టాను. పడితే పడనీ అనుకున్నాను. నేను ఊళ్ళో ఉండను కదా, కప్పుతో పోట్లాడుకోమను. అలా అనుకున్నప్పుడు కాస్త హాయిగా కూడా అనిపించింది. అబద్ధం చెప్పి ఏం లాభం.

సముద్రం ఊళ్ళో మా గదికి చిన్న వరండా, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఎదురుగా నీళ్ళు. మా ఆయన చెప్పులు విడిచి కుర్చీలో కూర్చుని, ఇక కదలనన్నట్టు కాళ్ళు చాపారు. నేను మంచం మీద దుప్పటి సరిచేశాను. కుళాయి కారుతుంటే గట్టిగా కట్టాను. మళ్ళీ కారితే గుడ్డపీలిక చుట్టాను. వరండాలో పట్టించుకునేవాళ్ళు లేక ఎండిపోయిన రెండు కుండీలు కనిపిస్తే గ్లాసుతో నీళ్ళు మోశాను. నాలుగో గ్లాసుకి ఆయన కళ్ళు మూసుకునే అడిగారు, ఇవి మనవా వీళ్ళవా అని.

రెండో రోజంతా కాలు కాలిన పిల్లిలా తిరిగాను. ఇసుక మీద కూర్చుంటే ఎండ ఎటు తిరిగిందో చూసేదాన్ని. ఇప్పుడు అక్కడ బాల్కనీలోకి ఎండ దిగుతుంది, ఇప్పుడు మూలకి చేరుతుంది. గాలి వేస్తే సీసా ఊగుతుందేమో, ఊగితే గొట్టం జారుతుందేమో. సూది కన్నంలో దుమ్ము పడితే గాలి ఆడదు, గాలి ఆడకపోతే చుక్క పడదు. వార్డులో అయితే పదిహేను నిమిషాలకోసారి వెళ్ళి చూస్తాం. తొంభై ఆరు గంటలు ఎవరూ చూడకుండా నడిచిన సెలైన్ ప్రపంచంలో ఎక్కడైనా ఉందా? ఆయన పక్కింటి విషయాలు చెబుతుంటే ఊఁ కొడుతున్నాను. కాసేపటికి ఆయన చెప్పడం మానేశారు. నాకు అది తెలిసి బాధేసింది. అయినా మనసు మాత్రం ఆ కుండీ దగ్గరే కూర్చుంది.

మూడో రోజు మధ్యాహ్నం కావస్తుండగా దీపస్తంభం చూద్దామని ఊరి బస్సెక్కాం. తీరం వెంట మలుపుల రోడ్డు. డ్రైవరు కుర్రాడు కాస్త దూకుడుగా నడుపుతున్నాడు. మలుపు వచ్చిన ప్రతిసారీ మా ఆయన కుడికాలు నేలని తొక్కుతోంది. ముందు సీటు కింద ఏమీ లేదు, వట్టి రేకు. అయినా మలుపు, కాలు. మలుపు, కాలు. రెండు రోజుల్లో మొదటిసారి నాకు నవ్వొచ్చింది. ఎవరి బస్సుకండీ బ్రేకులు వేస్తున్నారు అన్నాను.

ఆయన కిందికి చూసుకుని సిగ్గుపడ్డారు. “నాకు తెలీదే. నేను వెయ్యట్లేదు, కాలు దానంతటదే వెళ్తోంది.”

నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను. ఆ నవ్వు మధ్యలో నా చూపు నా కుడిచేతి మీద పడింది. బొటనవేలి మీద.

ముప్పై ఒక్క ఏళ్ళుగా నేను పేషెంటుని వదిలి గది దాటాల్సి వస్తే, చూసేవాళ్ళు పక్కన లేకపోతే, చక్రం కట్టేసి వెళ్తాను. కొత్తగా వచ్చిన ప్రతి పిల్లకీ నేను నేర్పే మొదటి పాఠం అదే. చూడని మందు నడవకూడదు. వాళ్ళకి చెప్పీ చెప్పీ, చేసీ చేసీ, ఇప్పుడు నేను అనుకోనక్కర్లేదు. మంచం దగ్గర నుంచి తిరిగేటప్పుడు చెయ్యి వెళ్తుంది, వేలు తిప్పుతుంది. మొన్న బయల్దేరేటప్పుడు ఆటో వచ్చిందని కింద నుంచి ఆయన పిలిచారు. బాల్కనీలో ఆఖరిసారి చుక్కలు చూశాను, ఏడు. తర్వాత తిరిగాను. తిరిగేటప్పుడు నా చెయ్యి ఏం చేసింది?

ఎంత తవ్వినా గుర్తు రాలేదు. సంచీ గుర్తుంది, తలుపు గడియ గుర్తుంది, తాళం రెండుసార్లు లాగి చూడటం గుర్తుంది. చక్రం దగ్గర మాత్రం ఖాళీ. బస్సు ఆపమన్నాను.

రోడ్డు పక్క ఇసుకలో నిలబడి ఆయనకి చెప్పాను. ఆయన నవ్వలేదు. ఇప్పుడే ఆయన తన కాలు చూసుకున్నారు కదా. చూసి చెప్పేవాళ్ళెవరున్నారని అడిగారు. ఇంటి తాళం చెవులు రెండూ మా దగ్గరే ఉన్నాయి. ఒకటి ఆయన జేబులో, కవర్లో వచ్చింది నా చేతిసంచీలో. తలుపు ఎవరూ తియ్యలేరు. కానీ తలుపు తియ్యకుండానే ఆ సీసా నడుస్తోందో లేదో తెలిసే మనిషి ఈ లోకంలో ఒక్కతే ఉంది. నడుస్తుంటే చుక్కలు పడాల్సింది ఆమె నెత్తినే.

ముందు మరిదికి ఫోన్ చేయించాను. వాడు శీతల గిడ్డంగిలో పనిచేస్తాడు, ఆ పూట సెలవు కాబట్టి ఎత్తాడు. నాకివ్వమన్నాడట, ఆయన ఫోన్ నా చేతిలో పెట్టారు. మీ బాల్కనీలో నీళ్ళేమైనా పడుతున్నాయా బాబూ అని నేను ఎంత మెత్తగా అడిగానో నాకే ఆశ్చర్యం.

“వదినా, ఎనిమిది నెలల నుంచి మీ ఇద్దరికీ తపాలా మోస్తున్నాను. ఇక నా వల్ల కాదు. తను ఇక్కడే ఉంది, మీరే చెయ్యండి,” అని పెట్టేశాడు. ముప్పై ఏళ్ళలో వాడు నాకు ఎదురు మాట్లాడటం అదే మొదలు.

తన నంబరు చూసి పది నిమిషాలు అలాగే నిలబడ్డాను. ఏమని అడగను? నీ పని పాడవుతోందా లేదా, పాడవకపోతే నాకు దిగులుగా ఉంది అని అడగాలా? తలకొట్టేసినట్టుంది. ఇంకోవైపు పదకొండు ఆకులు. అక్కడ ఎండ అప్పటికే పడమరకి దిగే వేళ కావస్తోంది. నొక్కాను.

“చెప్పండి,” అంది. ఎనిమిది నెలల కిందట నేను తనకి నువ్వు. ఇప్పుడు మీరు అయ్యాను.

“మీ బాల్కనీలో నీళ్ళు పడుతున్నాయా?”

“లేదు.”

“ఒక్క చుక్క కూడానా?”

“పడట్లేదన్నాను కదా. మీరేం కంగారు పడకండి, నేను గొడవకి రాను.”

అటు కుట్టుమిషను చప్పుడు ఆగింది. ఆగి ఆగి చెప్పాను. “పడాలే. పడకపోతే నిమ్మ చచ్చిపోతుంది.”

ఏ నిమ్మ అని అడిగింది. ఆస్పత్రి నిమ్మ అన్నాను. చెట్టుకేమైందని అడిగింది. తనకెలా తెలుస్తుంది, చెట్టు కొట్టేసినప్పుడు మాకు మాటల్లేవు కదా. కొట్టేశారని చెప్పాను. సిమెంటు పోశారని చెప్పాను. అంటు సంగతి, సీసా, చక్రం, నా బొటనవేలు, అన్నీ చెప్పాను. ఆ చెట్టుది ఇంక ఇదొక్కటే మిగిలిందని చెప్పాను.

“ఏ మూల పెట్టావు?” అని అడిగింది చివరికి. మెట్ల వైపు మూల, కమ్మీ పక్కనే అన్నాను. సరే అని పెట్టేసింది.

సరే అంటే ఏమిటి? తాళం లేదు. తలుపు బద్దలు కొట్టే మనిషి కాదు. చేసేదేముంది, విని ఊరుకుంది అంతే అనుకున్నాను. మళ్ళీ చెయ్యడానికి మొహం చెల్లలేదు. ఆ రాత్రి బస్సులో సీట్లు లేవు, మర్నాడు తెల్లవారగానే ఉంది. మా ఆయన వెళ్ళి మర్నాటి రాత్రి బస్సు టికెట్లు రద్దు చేయించి పొద్దుటివి తెచ్చారు. నాలుగో రోజు మొత్తం పోతుంది కదండీ అన్నాను. పోనీలే అని, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, నా మొహం కూడా చూడకుండా నీళ్ళలోకి నడిచారు. అల వచ్చినప్పుడల్లా చిన్న పిల్లాడికి మల్లే వెనక్కి అడుగేస్తున్నారు. ముప్పై నాలుగేళ్ళు ఆగిన మనిషికి నేను మిగిల్చింది ఓ సాయంత్రం. నేను కూడా వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. ఆ నీళ్ళలో నిలబడి కూడా నేను, మూడు రోజులు, మూడు రోజులు అనుకుంటూనే ఉన్నాను.

మర్నాడు తిరుగు బస్సులో ఆయన కాలు బ్రేకులు వేస్తూనే ఉంది. నాకు నవ్వు రాలేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకి ఇంటికి చేరాం. లిఫ్టు కోసం ఆగలేదు. రెండో అంతస్తులో వాళ్ళ తలుపు తీసే ఉంది, ముందు గది మంచం మీద నీలం తెరలు గుట్టగా పడేసి, మీద ప్లాస్టిక్ పట్టా కప్పి ఉంది. బాల్కనీలో ఉండాల్సిన పని లోపల మంచం మీద ఎందుకుందో ఆలోచించే తీరిక లేదు. పైకి పరుగెత్తాను. తాళం కన్నంలో చెవి దూరదే! మూడోసారికి తెరుచుకుంది.

బాల్కనీ తలుపు తీసి గడప మీదే ఆగిపోయాను. నేలంతా నీళ్ళు. గోడ తడి, కప్పు తడి. తీగ మీద నేను మర్చిపోయిన తువ్వాలు నుంచి ధారగా కారుతోంది. సీసా కొక్కేనికి వేలాడుతోంది, పైదాకా నిండుగా, నేను కట్టినప్పుడు ఎలా ఉందో అలాగే. చక్రం పట్టి చూశాను. పూర్తిగా కిందికి, బిగించి ఉంది. నా వేలే. ఒక్క చుక్క వదల్లేదు అది.

కుండీ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. మట్టి నల్లగా, మెత్తగా ఉంది. మూడు ఆకులు నేల మీద రాలి ఉన్నాయి. ఎనిమిది కొమ్మనే ఉన్నాయి. వాటిలో రెండు ఇంకా వాలి ఉన్నాయి గానీ, మిగతావి లేచి నిలబడ్డాయి. ఒకదాన్ని వేళ్ళ మధ్య పట్టుకున్నాను. పేషెంటు చెయ్యి పట్టుకుంటే తెలుస్తుంది చూడండి, నిలుస్తారా లేదా అని. నిలుస్తుంది.

అప్పుడు కింద నుంచి ఏదో గీరుకుంటున్న చప్పుడు. కమ్మీ అవతల ఒక తెర కడ్డీ పైకి లేచింది. దాని చివర గుడ్డపీలికలతో చుట్టిచుట్టి కట్టిన నీళ్ళ గొట్టం. అటూ ఇటూ వెతుక్కుని, నిమ్మకుండీ వైపు మూతి తిప్పుకుని, బుస్సుమని నీళ్ళు వదిలింది. సగం కుండీలో పడ్డాయి, సగం నా మొహాన పడ్డాయి.

కమ్మీ పట్టుకుని కిందికి తొంగి చూశాను. మా తోడికోడలు కత్తిరించే బల్లని కమ్మీ దాకా లాగి, దాని మీదెక్కి నిలబడి ఉంది. మూడు కడ్డీలు ఒకదానికొకటి కట్టి రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంది. కొంగు నడుముకి బిగించింది. తల నుంచి కాళ్ళ దాకా తడిసి ముద్దయింది. పైనుంచి కారే నీళ్ళన్నీ తన మీదే పడుతున్నాయి. ఎనిమిది నెలల కిందట తొమ్మిది గుడ్డల మీద పడ్డదాని కంటే వందరెట్లు.

“దిగు! కాలు జారితే నడుం విరుగుద్ది,” అన్నాను. నాకు ముందు నర్సు మాటే వచ్చింది.

“వచ్చేశావా? మరి చూస్తావేం అక్కా, చేతులు పడిపోతున్నాయి. లోపలికెళ్ళి కుళాయి కట్టమని మీ మరిదికి చెప్పు, నా మాట వినపడట్లేదు.”

నువ్వు అంది. అక్కా అంది. మరిదికి నేను అరిచి చెప్పాను. నీళ్ళు ఆగాయి. తను కడ్డీ దించి, మొహం తుడుచుకుని, బల్ల మీదే కూలబడి మెడ పట్టుకుంది. నిన్న మధ్యాహ్నం నుంచి ఇది ఐదోసారట. మొదటిసారి నీళ్ళు పక్కింటి కిటికీలో పడ్డాయట, వాళ్ళు తిట్టారట. ఇవన్నీ మామూలుగా, నిన్ననే మాట్లాడుకున్నట్టు చెప్పుకుపోతోంది.

“నీకెందుకే ఇంత పని?” అన్నాను.

తను తల ఎత్తి నన్ను చూసింది. “నూట పద్నాలుగు చుట్లు తిప్పావు నన్ను ఆ చెట్టు చుట్టూ. మర్చిపోయావా? ప్రతి చుట్టూ నాకు గుర్తుంది. నూట పద్నాలుగోది సగంలో ఆగాను, ఇక నావల్ల కాదు, చచ్చిపోతానన్నాను. నువ్వు లెక్క ఆపలేదు. నీ ఒక్కదాని చెట్టే అనుకున్నావా అది?”

అంతే, నాకు ఏడుపు ఆగలేదు. మొహం ఎలాగూ తడిసే ఉంది, ఎవరికి తెలుస్తుంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా అన్నీ లెక్కపెడుతూ వచ్చిన దాన్ని, ఈ లెక్క మర్చిపోయాను.

“ఆ రోజు నేనన్న మాట తప్పు,” అన్నాను. “దుకాణం మాట.”

“నేనూ అన్నాగా, ప్లాస్టిక్ పూలు అని. చాల్లే, ఇప్పుడవన్నీ ఎందుకు.”

సీసా నుంచి గొట్టం లాగేశాను. చేతిసంచీలోంచి తాళం చెవి తీశాను, కవరుతో సహా అందులోనే పడుంది. కవరు చించి, చెవిని గొట్టం చివర ముడేసి, కమ్మీ మీద నుంచి కిందికి వదిలాను. అది ఊగుతూ దిగింది. తను అందుకుని, ముడి విప్పి, కొంగున కట్టుకుంది.

ఆ కుండీ కింద పళ్ళెమేదని అడిగింది అప్పుడు. పెట్టలేదన్నాను. నీళ్ళు నిలిస్తే వేళ్ళు కుళ్ళుతాయి, ఇంకో రెండు నెలలు పెట్టడానికి వీల్లేదన్నాను. మరి నీళ్ళన్నీ నీ బల్ల మీదే పడతాయే అన్నాను, ఈసారి నిజంగా భయపడుతూ.

తను బల్ల దిగి, తడిసిన చీర కుచ్చిళ్ళు పిండుకుంది. పైకి చూసి, నిమ్మకుండీ ఎక్కడుందో కంటితో కొలుచుకుంది.

“పడనీలే,” అని, బల్లని రెండు చేతులా పట్టుకుని లోపలికి రెండడుగులు జరుపుకుంది.